రాని ప్రయాణికుడికి చోటుంది, ఉన్న తమ్ముడికి లెక్క లేదు



నన్ను పోలవరం గురించి మాట్లాడమన్నారు. నేను మాత్రం మధురపూడి విమానాశ్రయం దగ్గర మొదలుపెడతాను. కోరుకొండ మీదుగా రాజమండ్రి పోతుంటే దగ్గర్లోనే ఉంటుంది, మీలో చాలామందికి తెలుసు. లోపలికి వెళ్లినవాళ్లు ఎంతమందో మీకే తెలియాలి.

బ్రిటిష్ వాళ్ల కాలం నాటి ఆ విమానాశ్రయంలో రన్‌వేని 1,749 మీటర్ల నుంచి 3,165 మీటర్లకి పెంచారు. 2023 డిసెంబరులో కొత్త టెర్మినల్‌కి శంకుస్థాపన చేశారు, 347 కోట్ల పని. పాత భవనంలో రద్దీ గంటకి 225 మందికి చోటు. కొత్తది కలిస్తే 2,100 మందికి. అంత మంది ఇవాళ వస్తున్నారని కాదు, రేపు వస్తారని కడుతున్నారు.

ఈ ప్లాన్లు ఎలా వేస్తారో మనం తెలుసుకోవాలి. ఏడాది సగటు తీసి ఊరుకోరు. జనం ఒకేసారి వచ్చిపడే గంటని పట్టుకుంటారు, సంత రోజు చూసి పాక వేసినట్టు. ఆ గంటకి పదేళ్ల తర్వాత, ఇరవయ్యేళ్ల తర్వాత ఎంతమంది వస్తారో అంచనా కట్టి కుర్చీలు, తనిఖీ గేట్లు, సామాను బెల్టులు లెక్కేస్తారు. ఇంకా పెంచాల్సొస్తే పక్కన జాగా ఉంచుతారు. మంచి పద్ధతే, నేనేం తప్పుపట్టను. (రన్‌వే కోసం చుట్టుపక్కల రైతుల భూములు పోయాయి. వాళ్ల గోడు వేరే ఉంది, అదీ మనం వినాలి.)

ఇప్పుడు అదే గోదావరి వెంట ఎగువకి రండి. దేవీపట్నం, వీఆర్ పురం, కూనవరం, చింతూరు. పోలవరం కింద 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు. సగానికి పైగా కొండరెడ్లు, కోయలు, మనవాళ్లే. ఇక్కడ లెక్క ఎలా వేశారు? సర్వే చేసిన రోజు ఇంట్లో ఎంతమంది ఉన్నారో రాసుకుపోయారు. ఆ రోజు పదకొండేళ్ల పిల్లాడు ఇవాళ మీసం వచ్చి, పెళ్లి చేసుకుని, బిడ్డను ఎత్తుకుని నిలబడ్డాడు. ప్యాకేజీ అడిగితే, సర్వే నాటికి నీకు 18 నిండలేదు పొమ్మంటున్నారు.

2013 భూసేకరణ చట్టమేమో 18 నిండిన ప్రతి ఒక్కరినీ, ఆడైనా మగైనా, పెళ్లయినా కాకపోయినా, వేరే కుటుంబంగా చూడమంటోంది. ఇంకా పుట్టని ప్రయాణికుడికి కుర్చీ లెక్కేయగలిగిన సర్కారుకి, కళ్ల ముందు పెరిగిన కుర్రాడి వయసు లెక్కేయడం రాదా?

ఇంకోటి. టెర్మినల్‌ని దశలవారీగా పెంచితే, రెండో దశ వరకూ ఎవరికీ నష్టం లేదు. మన దగ్గర కూడా దశలే: మొదట 41.15 మీటర్లు, తర్వాత 45.72. ఆ రెండు గీతల మధ్య ఊళ్లవాళ్లు ఇల్లు కట్టుకోవాలా వద్దా తెలియక కూర్చున్నారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, రెండో దశలో రాసిన ఇళ్లు కూడా మునిగాయి. నీళ్లకి దశలు తెలియవు కదా.

ఊళ్లో ఏ అభివృద్ధి ప్రణాళిక మొదలుపెట్టాలన్నా ముందు గ్రామసభ ఆమోదం ఉండాలని 1996 పెసా చట్టం చెబుతోంది. మన పునరావాస కాలనీలకి ఇరవయ్యేళ్ల ప్లాన్ ఏదని అక్కడే అడగాలి. పెరిగే కుటుంబాలకి జాగా ఎక్కడ? పశువులకి మేత ఎక్కడ? చనిపోయినవాళ్లని పెట్టడానికి చోటెక్కడ?

అడగాలంటే చేతిలో కాగితం ఉండాలి. అందుకని ఒక పని చెబుతున్నా. మీ ఊళ్లో సర్వే తర్వాత 18 నిండినవాళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. పుట్టిన తేదీ, సర్వే జరిగిన తేదీ, ఇల్లు ఖాళీ చేసిన తేదీ, ఈ మూడూ ఉండాలి. పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే జిరాక్సు జత చేయండి. బడికి వెళ్లని చెల్లెళ్ల పేర్లు ముందు రాయండి, వాళ్లనే ఎక్కువగా వదిలేస్తారు. వచ్చే గ్రామసభలో ఆ జాబితా చదివించి, తీర్మానంలో ఎక్కించి, నకలు తీసుకునే ఇంటికి రండి.