మంచాన పడ్డ రైతుకు పంచాయతీ అండ కావాలి
(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



ఒకటో తారీఖున మన ఆంధ్రలో పింఛను ఇంటికే వస్తోంది. వృద్ధులకు 4,000 రూపాయలు, పక్షవాతంతో పూర్తిగా మంచాన పడ్డవారికి 15,000. మంచిదే, కాదనం. కానీ మిగతా నెలంతా ఆ మనిషిని పక్కకు తిప్పేదెవరు? పుండు కడిగేదెవరు? మేం ఇళ్లకు తిరిగినప్పుడు నలభై ఏళ్లు మిరప పండించిన పెద్దాయనను చూశాం. వీపంతా పుండ్లు. కొడుకు బెంగళూరులో కూలికి పోయాడు. కోడలు పనికి పోకుంటే పొయ్యి వెలగదు. ఎవర్ని తప్పుపడతాం?

కేరళ ప్రభుత్వం 2008లోనే ఇలాంటివారి కోసం ఒక విధానం తెచ్చింది. అక్కడ పంచాయతీ నిధులతో నర్సు ఇంటికే వస్తుంది. పుండ్లకు కట్టు కడుతుంది, మూత్రం గొట్టం మారుస్తుంది. మన దగ్గర ఎందుకు కాదు? రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు చెప్పిన 29 అంశాల్లో సాంఘిక సంక్షేమం కూడా ఉంది.

ముందు ఊరూరా మంచాన ఉన్నవారి జాబితా మనమే రాద్దాం. నర్సు వారానికొకసారి రావాలని, అందుకు నిధులివ్వాలని వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టిద్దాం. గిట్టుబాటు ధర అడిగిన గొంతుతోనే ఇదీ అడుగుదాం. రేపు ఆ మంచం మీద ఉండేది మనమే.