ఇచ్ఛకు లోబడని నాడులు



చేయి ఎత్తవలెనన్న ఎత్తవచ్చును, మాటాడవలెనన్న మాటాడవచ్చును. కాని గుండెను ఒక్క నిమిషము విశ్రమింపుమని ఆజ్ఞాపించినచో అది వినదు. నిమిషమునకు డెబ్బది సారుల చొప్పున దినమునకు ఇంచుమించు 1,00,000 సారులు అది కొట్టుకొనుచునే యుండును. తిన్న యన్నము జీర్ణమగుట, ఎండలో చెమర్చుట, వెలుతురునకు కంటిపాప ముడుచుకొనుట, ఇవన్నియు యజమానుని అనుమతి లేకయే జరుగు పనులు. వీనిని నడపు నాడుల సముదాయమునకు స్వయంచోదిత నాడీమండలమని పేరు. కేంబ్రిడ్జికి చెందిన లాంగ్లీ అను శాస్త్రజ్ఞుడు 1898లో దీని ఆంగ్లనామమును ప్రవేశపెట్టెను.

ఇందు ముఖ్యముగా రెండు వర్గములు గలవు. పొలముగట్టున త్రాచును చూచిన రైతునకు గుండె దడదడలాడుట, నోరెండుట, కంటిపాపలు విప్పారుట, అరచేతులు చెమర్చుట సహానుభూత నాడుల పని. భోజనము ముగించి అరుగుమీద నడుము వాల్చినవాని దేహము సహానుభూతపర నాడుల అధీనమున నుండును. అప్పుడు గుండె నెమ్మదించును, జఠరరసము ఊరును, ప్రేగులు కదలును. మొదటిది ములుకోల, రెండవది పగ్గము అని చెప్పవచ్చును. అయితే బండివాడు ములుకోలను అప్పుడప్పుడే వాడును. ఈ నాడులు మాత్రము రెండును ఎల్లవేళల ఎంతో కొంత పనిచేయుచునే యుండును. గుండెకు నాడీసంబంధము తెగినను అది ఆగదు సరికదా, నిమిషమునకు ఇంచుమించు 100 సారులు కొట్టుకొనును. గుండెమార్పిడి జరిగినవారియందు వైద్యులు దీనిని చూచుచునే యున్నారు. అనగా ఆరోగ్యవంతుని గుండెను వాగస్ అను సహానుభూతపర నాడి దినమెల్ల పగ్గము బిగించి పట్టియున్నదన్నమాట.

ఆ బిగింపు గుండెకు ఎట్లు చేరును? దీనిని తేల్చినవాడు ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున పనిచేసిన ఓటో లోవి. ఒక రాత్రి నిద్రలో ప్రయోగము స్ఫురింపగా లేచి కాగితముపై గీచుకొని మరల పండుకొనెనట. తెల్లవారి చూడగా తన వ్రాత తనకే తెలియలేదు. మరునాటి రాత్రి అదే ఊహ తిరిగి వచ్చెను. ఈసారి కాగితమును నమ్మక తిన్నగా ప్రయోగశాలకే పోయెను. రెండు కప్పల గుండెలను లవణద్రావణమున కొట్టుకొనునట్లుంచి, మొదటిదాని వాగస్ నాడిని విద్యుత్తుతో ప్రేరేపింపగా ఆ గుండె నెమ్మదించెను. దానినుండి తీసిన ద్రావణమును రెండవ గుండెకు చేర్చగా, దాని నాడిని ఎవరును తాకకున్నను అదియు నెమ్మదించెను. నాడి తన యాజ్ఞను ఒక రసముద్వారా అందించుచున్నదని 1921లో వెల్లడియయ్యెను. ఆ రసమే అసిటైల్ కోలిన్. ఇందులకు లోవికిని, ఇంగ్లండువాడైన హెన్రీ డేల్‌కును 1936లో నోబెల్ బహుమానము లభించెను.

ఆజ్ఞ అందినంతనే చాలదు. అది వెంటనే చెరిగిపోవలెను. లేనిచో గుండె నెమ్మదించుచునే పోవును, ప్రేగులు మెలిపడుచునే యుండును. అందులకై అసిటైల్ కోలిన్‌ను క్షణములో విరుగగొట్టు ఎంజైము ఒకటి దేహమందున్నది. గ్రామవాసులకు ఈ విషయముతో సంబంధము ఇచ్చటనే కలుగుచున్నది. పత్తి, మిరప చేలలో వాడుచు వచ్చిన మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి పురుగుమందులు ఆ ఎంజైమునే కట్టివేయును. పురుగు చచ్చుట అందువలననే. మనుష్యుడు కూలుటయు అందువలననే. కంటిపాపలు సూదిమొనలంతగును, నోట చొంగ కారును, కన్నీరు, చెమట, వాంతులు, విరేచనములు కలుగును, రొమ్ములో గురక పుట్టును, తరచుగా గుండె మందగించును. చెమటగ్రంథులు సహానుభూత వర్గమునకు చెందియు ఈ రసమునకే లోబడుట ఒక చిత్రము. మందును త్రాగనక్కరలేదు, పిచికారి చేయువాని తడిసిన చొక్కాద్వారా చర్మములోనికిని అది ఇంకును. 2013 జూలైలో బీహారునందలి ఒక గ్రామపాఠశాలలో వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసియుండుటచే మధ్యాహ్న భోజనము తిన్న పిల్లలలో 23 మంది మరణించిరి.

దీనికి విరుగుడు అట్రోపిన్. ఇది ఎంజైమును విడిపింపదు. అసిటైల్ కోలిన్ ఆజ్ఞ గుండెకును గ్రంథులకును చేరకుండ అడ్డుపడును. పల్లెలందు దిబ్బలపై మొలచు ఉమ్మెత్తయందును ఇట్టి విషములే కలవు. ఉమ్మెత్తకాయ తిన్న పిల్లవానికి పై లక్షణములు తలక్రిందులై కనబడును: నోరెండును, కంటిపాపలు విప్పారును, ఒడలు కాగును, గుండె పరుగెత్తును, ప్రేలాపన పుట్టును. అంతమాత్రమున పురుగుమందు త్రాగినవానికి ఉమ్మెత్తరసము పోయుట తగదు. ఏ కాయలో విషమెంత యున్నదో తెలియదు. ఒక విషముపై రెండవ విషము చేరును. పేడనీళ్ళు, ఉప్పునీళ్ళు త్రాగించుటయు హానికరమే. స్పృహలేనివాని ఊపిరితిత్తులలోనికి వాంతి పోవచ్చును. తడిసిన బట్టలు తీసివేసి, ఒడలు సబ్బునీటితో కడిగి, కడుగువారు తమ చేతులకు మందు అంటకుండ చూచుకొని, మందు సీసాను వెంటగొని ఆసుపత్రికి చేర్చవలెను.

ఆసుపత్రిలో వైద్యుడు రొమ్ములోని గురక పోవువరకు అట్రోపిన్‌ను మాటిమాటికి ఎక్కించును. రోగి తేరుకొని లేచి కూర్చుండగానే బంధువులు ఇంటికి తీసికొనిపోవ తొందరపడుదురు. కాని ఊపిరి తీయు కండరములపై అట్రోపిన్ పనిచేయదు. మొదటి దినము గడచిన పిమ్మట, నాలుగవ దినములోపల, మెడ ఎత్తలేకపోవుటతో మొదలై ఆ కండరములు సడలవచ్చును. అట్టి వేళ కృత్రిమశ్వాసయంత్రము చెంతనుండవలెను.