చదివిన పుటకు కూలి ఎంత?

(రచయితలు, అచ్చుపనివారల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బీడీ కార్మికురాలు చాట ముందు కూర్చునే నాటికే వెయ్యి బీడీలకు ఎంత వస్తుందో ఆమెకు తెలుసు. ఆ రేటు చాలదని మనం దశాబ్దాలుగా పోరాడుతున్నాము. ఆకు, తంబాకు తక్కువ తూచే కంట్రాక్టరుతోనూ పోరాడుతున్నాము. అయినా రేటంటూ ఒకటి ముందుగా వున్నది గనుకనే ఆ పోరాటానికి ఆధారం దొరికింది. ఆ ఆధారం కూడా లేని పీసు రేటు పనివారిని గురించి ఈనాడు చెప్పదలచాము. వారు రచయితలు.

నెలకు ఇంత అని చందా కట్టి, ఎన్ని పుస్తకాలైనా ఫోనులో చదువుకొనే ఏర్పాట్లు నేడు వున్నాయి. అమెజాన్ కంపెనీ 2014లో అమెరికాలో ప్రారంభించి, 2015లో మన దేశానికి తెచ్చిన కిండిల్ అన్‌లిమిటెడ్ వాటిలో ముఖ్యమైనది. తన పుస్తకాన్ని తానే ప్రచురించుకొని అందులో పెట్టిన రచయితకు డబ్బు వచ్చే పద్ధతి ఇది: కంపెనీ ప్రతి నెలకు ఒక నిధిని నిర్ణయిస్తుంది. పాఠకులు చదివిన పుటల లెక్కన దానిని పంచుతుంది. పుటకు ఎంత పడినదీ ఆ నెల గడిచిపోయిన తర్వాత గాని తెలియదు. అమెరికాలో ఇటీవల అది అర సెంటుకు లోపుగానే వుంటున్నది. అనగా 300 పుటల నవలను ఒకరు ఆసాంతం చదివితే ఒకటిన్నర డాలరైనా రాదు. సగంలో ఆపితే అందులో సగమే. పుట అంటే ఎంత అన్న కొలత కంపెనీదే, లెక్కా కంపెనీదే. తూకం సరిచూసే హక్కు రచయితకు లేదు.

అంతకుముందున్న పద్ధతి మేలైనదని మేము అనబోము. 2015 జులైకి ముందు పాఠకుడు పదవ వంతు దాటితే చాలు, 20 పుటల పుస్తకానికీ 500 పుటల నవలకూ ఒకే మొత్తం ముట్టేది. పెద్ద నవలలు రాసేవారు దానిపై అభ్యంతరం తెలిపారు. వారి మాటలో న్యాయం వున్నది.

అసలు కీలకం మరొక చోట వున్నది. చందా స్థిరం, చదువుకు హద్దు లేదు. ఎక్కువ చదివితే నష్టం ఎవరికి? 2015లో స్క్రిబ్డ్ అనే సంస్థ, పాఠకులు ప్రేమ నవలలను మరీ ఎక్కువగా చదువుతున్నారని, వాటిలో చాలా భాగాన్ని తన చందా జాబితా నుండి తొలగించింది. చదివిన ప్రతి పుస్తకానికీ అది ప్రచురణకర్తకు డబ్బు చెల్లించవలసి వుండేది గనుక! నిధిని పంచే పద్ధతిలో ఆ చిక్కు కంపెనీకి లేదు. నిధి పెరగకుండా చదువు పెరిగితే పుట రేటు తగ్గుతుంది, నష్టం రచయితలందరి నెత్తిన పడుతుంది. పైగా 90 రోజులపాటు ఆ పుస్తకం డిజిటల్ ప్రతిని మరెక్కడా అమ్మరాదన్న షరతు. గడువు ముగిసేలోగా వద్దనకపోతే అది తనంతట తానే కొనసాగుతుంది.

నిధిని పంచడమే తప్పని కాదు. బ్రిటన్‌లో 1979 చట్టం ప్రకారం గ్రంథాలయాల నుండి పుస్తకం ఎరువు తీసుకున్నప్పుడల్లా రచయితకు ప్రభుత్వ నిధి నుండి కొంత ముడుతుంది. అక్కడా పంపకమే. అయితే ఆ రేటు బహిరంగం. ఒక రచయితకు ఏడాదికి 6,600 పౌన్లకు మించి ఇవ్వరు. మిగిలినది చిన్న రచయితలకు చేరుతుంది. కిండిల్‌లో ఇందుకు తలకిందులుగా, అందరికన్న ఎక్కువగా చదివించుకున్న వారికి అదనపు బోనసు! మన దేశంలో గ్రంథాలయ ఎరువు హక్కు నేటికీ లేదు.

ఇది ఇంగ్లీషు రచయితల గొడవ అని తెలుగువారు వూరుకోరాదు. 2016లో కిండిల్ అయిదు భారతీయ భాషలకు చోటు కల్పించినప్పుడు అందులో తెలుగు లేదు. రేపు ఏ సంస్థ మన భాషకు పిలుపు పంపినా షరతుల పత్రం సిద్ధంగానే వుంటుంది.

2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ఏడవ షెడ్యూలులో కంటెంట్, మీడియా సేవల సంస్థల పేరు కూడా వున్నది. ఆ షెడ్యూలులోని సంస్థలు తమ టర్నోవరులో 1 నుండి 2 శాతం కార్మికుల భద్రతకు చెల్లించాలి. ఆ పద్దు కింద రచయితను కూడా లెక్కించాలన్నది మన వాదం. కనీస పుట రేటును నెల మొదలు కాకమునుపే ప్రకటించాలని, లెక్కలను బయటి ఆడిటరు చూడాలని కూడా కోరుదాము.

ఇందుకు రుజువులు కావాలి. ఇటువంటి ఏ సేవలోనైనా పుస్తకం పెట్టిన సభ్యులు ఒప్పందం నకలును, మూడు నెలల లెక్కల కాగితాలను ఈ నెలాఖరులోగా కార్యాలయంలో అందజేయవలసిందిగా కోరుతున్నాము.