పెరటి పండ్లచెట్టు: మొక్క కొనేముందు నేలలో నీళ్ళు చూడండి

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు పొద్దున్నుంచీ విన్నాం. నేను దొడ్డి లెక్క చెప్పడానికి నిలబడ్డాను. కోనసీమ అంటే పచ్చదనం అని ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్తారు. కొబ్బరి, అరటి, పనస, పంపరపనస లేని ఊరు మనకి లేదు. అయినా మన పిల్లలు బడి నుంచి రాగానే ఏం తింటున్నారు? కిరాణా కొట్లో వేలాడే ప్యాకెట్లు. ఇంటికి చుట్టాలొస్తే అమలాపురం నుంచి యాపిల్ కాయలు తెప్పిస్తాం. ఇంటి వెనక జామచెట్టు ఉన్న చోట ఇప్పుడు సిమెంటు గచ్చు ఉంది.

2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో వందకి దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఈ హాల్లో ఉన్నవాళ్ళని లెక్కేసుకోండి, సగం మంది పైమాటే. ఐరన్ మాత్ర ఆశా కార్యకర్త ఇస్తుంది. తోటకూర, మునగాకు వండుకుంటాం. కానీ ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే దాంతోపాటు సి విటమిన్ ఉండాలి. అది నారింజలో కంటే జామకాయలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. అన్నం తిన్నాక టీ తాగితే ఇనుము పట్టదు, ఒక జామకాయ తింటే పడుతుంది. రోజుకు 100 గ్రాముల పండ్లు తినాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఒక మోస్తరు జామకాయ తింటే ఆ లెక్క దాదాపు సరిపోతుంది. అందుకని దొడ్డిలో చెట్టును నేను అలంకారం కింద చూడను, మందుల పెట్టె కింద చూస్తాను.

మరి చెట్టు ఎందుకు నిలవట్లేదు? పదిహేనేళ్ళుగా మా దొడ్లో అంటుమొక్కలు కట్టి అమ్ముతున్నాను. మొక్క చచ్చిపోయిందని తిరిగొచ్చిన వాళ్ళని నేను అడిగే మొదటి మాట, ‘నీళ్ళు పోశావా’ అని కాదు. ‘ఎక్కడ పెట్టావమ్మా, మెరకలోనా, పల్లంలోనా?’ అని. రాయలసీమలో మొక్క ఎండి చస్తుంది. మన దగ్గర మొక్క నీళ్ళల్లో ఊపిరాడక చస్తుంది. వేరుకి కూడా గాలి కావాలి. మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోట వారం రోజులు నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. పైన ఆకు పచ్చబడి రాలుతుంది. అది చూసి పాపం నీళ్ళు చాల్లేదేమో అని ఇంకో రెండు బిందెలు పోస్తాం. ఇక అది బతికేదెలా?

అందుకని ఈ శ్రావణంలో గానీ భాద్రపదంలో గానీ మొక్క పెట్టాలనుకున్న చోట రెండడుగుల లోతు గొయ్యి తీయండి. మర్నాడు పొద్దున్నే చూడండి. అడుగున కూడా నీరు లేకపోతే మీది మెరక, అదృష్టవంతులు, ఏ చెట్టయినా పెట్టుకోవచ్చు. సగం గొయ్యి నిండితే దిబ్బ వెయ్యాలి. జానెడు లోతులోనే నీళ్ళు కనపడితే పనస, బొప్పాయి, సీతాఫలం ఆశ వదులుకోండి. పనస అంత పెద్ద మాను అవుతుంది కానీ నిలవ నీళ్ళకి మహా పిరికిది. బొప్పాయి అయితే రెండు రోజులు నీళ్ళల్లో నిలబడిందంటే మూడో రోజుకి తల వాల్చేస్తుంది. ఆ చోట అరటి పెట్టండి. అరటి కూడా మడుగులో బతకదు, తడి మాత్రం తట్టుకుంటుంది.

దిబ్బ అంటే గంపెడు మట్టి పోసి మొక్క గుచ్చడం కాదు. అయిదడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండాలి. దింపు తీశాక ఒలిచిన డొక్కలు మనకి గుట్టలుగా పడి ఉంటాయి కదా, అవి నాలుగు రోజులు నానబెట్టి అడుగున పరచండి. దాని మీద మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి పొయ్యండి. ఒక వాన కురిసి దిబ్బ కుంగాక మళ్ళీ మట్టి వేసి, అప్పుడు మొక్క పెట్టండి. రొయ్యల చెరువు తవ్విన మట్టి ఊరికే తోలిస్తామన్నా వద్దనండి. దాంట్లో ఉప్పు ఉంటుంది, మొక్క సరిగా లేవదు.

ఇది మన ఒక్కళ్ళ కష్టమే కాదు. వియత్నాంలో మెకాంగ్ నది డెల్టా మన గోదావరి డెల్టా లాంటిదే. అక్కడ వాళ్ళు బోదె తవ్వి, ఆ మట్టినే గట్టుగా ఎత్తి, గట్టు మీద పంపరపనస, మామిడి వేస్తారు. బోదెలో నీళ్ళు, గట్టు మీద చెట్లు. మన పాత కొబ్బరితోటల్లో తాతలు తవ్విన బోదెలు కూడా అందుకే. వాటిని పూడ్చి చదును చేసుకుని, ఇప్పుడు తోటలో నీళ్ళు పోవట్లేదని మండలాఫీసులో అర్జీలు పెడుతున్నాం.

సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు నుంచి వచ్చిన వాళ్ళకి ఇంకో బాధ ఉంది, ఉప్పు. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి సముద్రపు నీరు ఎగదన్ని కొబ్బరిచెట్లే మోడువారాయి. ఎండాకాలంలో దొడ్డి నేల మీద తెల్లగా పూత కడుతుంటే, నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటే, ఆ చోట నిమ్మ, అరటి పెట్టి డబ్బులు పారేసుకోవద్దు. సపోటా పెట్టండి. సపోటా ఉప్పుని బాగా ఓర్చుకుంటుంది. ఉసిరి, రేగు కూడా ఓర్చుకుంటాయి.

ఇప్పుడు చోటు సంగతి. ఇక్కడ రెండు రకాల వాళ్ళం ఉన్నాం. కొబ్బరితోటలో ఇల్లున్న వాళ్ళు కొందరు, కాలనీలో సెంటు, సెంటున్నర పట్టా వచ్చిన వాళ్ళు చాలామంది. ఇద్దరికీ ఒకటే మాట చెబితే అది ఉపన్యాసమే అవుతుంది, ఉపయోగం ఉండదు.

తోట ఉన్నవాళ్ళు: కొబ్బరి మొదలుకి ఆరేడు అడుగుల లోపల ఏమీ పెట్టొద్దు, అది దాని వేళ్ళ జాగా. వరసల మధ్య అరటి, అనాస బాగా వస్తాయి. మొక్క వేసిన ఎనిమిదో ఏడు నుంచి పాతికేళ్ళ దాకా కొబ్బరి నీడ చిక్కగా ఉంటుంది. ఆ తర్వాత చెట్లు పొడుగెదిగి కింద వెలుగు పడుతుంది, అప్పుడు పంపరపనస, మిరియాలు చూసుకోవచ్చు. జామ, నిమ్మ, సపోటాలకి మాత్రం ఎండ కావాలి, తోట బయట అంచున పెట్టండి. అయ్యగారు ‘ఆ చోట ఇంకో కొబ్బరిమొక్క పడుద్ది కదా’ అంటారు. పడుద్ది, కాదనను. కాపుకి చాలా ఏళ్ళు ఆగాలి. జామ అంటు రెండో ఏడే కాస్తుంది.

కాలనీ వాళ్ళు: మీకు మూడంటే మూడు చెట్లు. స్నానాల నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు పోయే చోట ఒక అరటి దుబ్బు. ఆ నీళ్ళు వీధిలో పారి పక్కింటామెతో తగువయ్యే బదులు గెల అవుతుంది. దుబ్బులో తల్లిచెట్టు, దాని వెనక ఒక పెద్ద పిలక, ఒక చిన్న పిలక ఉంచి మిగతావి కోసెయ్యండి. అన్నీ ఉంచితే గెల పిడికెడు వస్తుంది. గోడకి ఆరడుగుల దూరంలో ఒక జామ. దాన్ని ఎదగనివ్వకండి, ఏటా కొమ్మలు కత్తిరించి తల ఎత్తులో ఉంచండి. జామ కొత్త చిగురు మీదే కాస్తుంది కాబట్టి కోస్తే నష్టం లేదు, కొయ్యకపోతేనే నష్టం. మూడోది నిమ్మ గానీ, దిబ్బ మీద బొప్పాయి గానీ. బొప్పాయి గింజ ఇంట్లోదైతే ఒక గోతిలో మూడు మొక్కలు పెట్టి, పూత వచ్చాక ఆడమొక్క ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యాలి. మగమొక్కకి సన్నటి కాడల మీద పూలు గుత్తులుగా వేలాడతాయి, ఆడపువ్వు కాండానికి అంటుకుని ఒంటిగా లావుగా ఉంటుంది.

సెంటున్నరలో పనస, మామిడి వద్దే వద్దు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసిన వాళ్ళు ఇక్కడ ఉన్నారు. ఆ రాత్రి చెట్టు అన్నది ఇంటికి ఎలా శత్రువవుతుందో వాళ్ళకి తెలుసు. తోటల్లో కూడా పెద్ద మానులు ఇంటికి, కరెంటు తీగకి ఎడంగా ఉండాలి.

మొక్క ఎప్పుడు పెట్టాలి? మెరక వాళ్ళు ఈ ఆషాఢంలోనే పెట్టెయ్యండి. లంకల్లో ఉన్నవాళ్ళు, వరద తగిలే ఊళ్ళవాళ్ళు ఆగండి. 1986 ఆగస్టు వరద, 2022 జూలై వరద గుర్తున్నాయి కదా. వరదలు తీసి, తుపాన్ల గండం గడిచాక పెట్టి, ఎండాకాలం నీళ్ళు పోసుకోవడమే మీకు మంచిది.

మొక్క కొనడానికి కడియం మనకి దగ్గర. అక్కడ దొరకని మొక్క లేదు. కానీ అంటుమొక్క కొనేటప్పుడు అంటు కట్టిన చోటు వేలితో తడిమి చూడండి. గట్టిగా కలిసిపోయి ఉండాలి, కట్టిన ప్లాస్టిక్ ఇంకా బిగుసుకుని ఉంటే ఇంటికొచ్చాక విప్పెయ్యాలి. అంటు కింద నుంచి వచ్చే చిగుళ్ళు ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి. ముఖ్యంగా సపోటాకి. సపోటాని పాల మొక్క మీద అంటు కడతారు. కింది చిగురు వదిలేస్తే నాలుగేళ్ళకి మీ దొడ్లో పెరిగేది పాల చెట్టు, సపోటా కాదు. పనస మాత్రం గింజ వేసుకున్నా పరవాలేదు, తిన్న పండు బాగుంటే ఆ గింజ తడి ఆరకముందే పెట్టాలనుకున్న చోటే గుచ్చండి. ఏడెనిమిదేళ్ళు ఓపిక పట్టాలి. నర్సరీలకి 2010లో వచ్చిన రిజిస్ట్రేషన్ చట్టం ఉంది, బిల్లు అడగండి. మనం పాతిక మందిమి కలిసి కొంటే బిల్లూ ఇస్తారు, ధరా తగ్గిస్తారు.

ఎరువుకి కొట్టుకి పరిగెత్తక్కర్లేదు. జీవామృతం ఎకరానికి 200 లీటర్లు అని చెబుతారు. దొడ్డికి ఇలా కలుపుకోండి: 10 లీటర్ల నీళ్ళు, అరకేజీ ఆవుపేడ, అరలీటరు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడన రెండు రోజులు, పూటకోసారి కలియబెట్టాలి. వారంలోపు వాడెయ్యాలి.

పురుగుల్లో ఒక్కదాని గురించే చెబుతాను, అది మన అందరి దొడ్లలోనూ ఉంది. కొబ్బరాకు అడుగున తెల్లగా సుడులు సుడులుగా ముగ్గేసినట్టు ఉంటుంది చూడండి, అదే తెల్లదోమ. 2016లో తమిళనాడులో పొల్లాచ్చి వైపు మొదట కనపడి, కొద్దికాలంలోనే మన మీద పడింది. కొబ్బరి మీంచి జిగురు కారి కింద జామ, అరటి ఆకుల మీద పడితే దాని మీద నల్లటి మసి పెరుగుతుంది. మసి చూసి చాలామంది మందులు కొట్టేస్తున్నారు. కొట్టొద్దు. ఆ దోమని తినేసే ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి మన తోటల్లోనే ఉంది, మందు కొడితే ముందు అదే చస్తుంది. పైపుతో ఆకు అడుగున నీళ్ళు గట్టిగా కొట్టండి. లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి పిచికారీ చెయ్యండి. మసి మీద పల్చటి గంజి చల్లితే ఎండకి అట్టకట్టి ఊడిపోతుంది. మిత్ర పురుగుల కోసం, మందు శిలీంధ్రం కోసం అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి. మన సమాఖ్య తరఫున వెళ్తే ఇంకా మంచిది.

చివరికి డబ్బు దగ్గరికి రాకుండా మన సమావేశం ముగియదు కదా. చెట్టు పిందె మీద ఉండగానే వ్యాపారి వచ్చి మొత్తం కాపు బేరమాడతాడు. పంపరపనస అయితే వినాయక చవితికి ముందే వచ్చేస్తాడు, చేతిలో నోట్లు పెడతాడు, పిల్లల ఫీజు గుర్తొచ్చి ఇచ్చేస్తాం. చవితి ముందురోజు పాలవెల్లికి కట్టే ఒక్క కాయ బజార్లో ఎంత పలుకుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నెలరోజుల అవసరానికి సంఘంలో అంతర్గత అప్పు తీసుకుంటే కాయ మన చేతిలో ఉంటుంది. లేత పనసకాయ కూడా అంతే. కాయగా అమ్మితే వ్యాపారి చెప్పిన ధర. కొట్టి పొట్టు చేసి అమ్మితే మనం చెప్పిన ధర. పనసపొట్టు కొట్టే చెయ్యి కోనసీమ ఆడవాళ్ళ చెయ్యి, రాజమండ్రిలోనూ కాకినాడలోనూ దాన్ని కొనుక్కునే వాళ్ళు ఉన్నారు. ఒక్కొక్కరి చెట్టు కాయలు చాలవు, పది మందివి కలిపితే చాలతాయి.

అయితే కాపు అంతా అమ్మెయ్యమని నేను అనను. అరటి గెల కోస్తే రెండు హస్తాలు ఇంట్లో ఉండాలి. ఆ రెండూ మగపిల్లాడికి ముందు పెట్టి, ఆడపిల్లకి, మనకి మిగిలితే తినే అలవాటు ఇంకా చాలా ఇళ్ళల్లో ఉంది. రక్తం తక్కువున్నది ఎవరికో ఇందాక చెప్పాను.

ప్రతి గ్రామ సంఘం మొక్కల జాబితా భాద్రపదం ఆఖరుకి సీసీ గారికి ఇవ్వండి. పేరు ఎదురుగా మొక్క ఒక్కటే రాస్తే చాలదు. గొయ్యి తీస్తే ఎన్ని అంగుళాల్లో నీరు పడిందో కూడా రాయండి. అది రాయని పేరుకి మొక్క తేవొద్దని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

ఇప్పుడు భోజనాలకి ముందు ఒక పావుగంట. జామకి గాలి అంటు కట్టడం వానాకాలంలోనే బాగా పడుతుంది. చాకు, తడిపిన కొబ్బరి పొట్టు, ప్లాస్టిక్ కాగితం, పురికొస తెచ్చాను. బయట షెడ్డు పక్కన జామచెట్టు ఉంది. చిటికెన వేలంత లావు కొమ్మకి అంగుళం మేర చుట్టూ బెరడు ఒలిచి, పొట్టు పెట్టి, కాగితం చుట్టి, రెండు వైపులా గట్టిగా కట్టాలి. నెలా నెలన్నరకి కాగితం లోంచి తెల్లటి వేళ్ళు కనపడతాయి. నేను ఒకటి కట్టి చూపిస్తాను, తర్వాత ఊరికొకరు చొప్పున మీరు కట్టండి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు తెచ్చుకోండమ్మా.