పెట్రోలు టాంకి ఊపిరి



కారును ఎండలో నిలిపినపుడు టాంకిలోని పెట్రోలు ఊరకుండదు. ఆవిరియై పైకి వచ్చుచునే యుండును. ఆ ఆవిరికి దారి లేనిచో టాంకి ఉబ్బును. పెట్రోలు తరిగినపుడు బయటి గాలి లోనికి రానిచో నొక్కుకొనిపోవును. కావున టాంకి ఊపిరి పీల్చి విడువవలెను. పూర్వము ఆ ఊపిరి వీధిలోనికే పోయెడిది. ఇట్టి ఆవిరులు, నైట్రోజన్ ఆక్సైడులు, ఎండ కలసి లాస్ ఏంజెలిస్ నగరమును కప్పుచున్న పొగమంచునకు కారణమగుచున్నవని హాగెన్-స్మిట్ అను శాస్త్రజ్ఞుడు 1950 తరువాత నిరూపించెను. 1970 మోడలు కార్లకు కాలిఫోర్నియాలోను, 1971 మోడలు నుండి అమెరికా అంతటను ఆవిరిని నిలుపు ఏర్పాటు విధి చేయబడినది.

ఆ ఏర్పాటు ఇది. టాంకిలోని ఆవిరి, బొగ్గు నింపిన ఒక డబ్బాలోనికి పోవును. దానిని కానిస్టర్ అందురు. ఇంజను నడచునపుడు పర్జ్ వాల్వు తెరచుకొనగా ఇంజను ఆ ఆవిరిని లాగికొని కాల్చివేయును. అప్పుడు వెంట్ వాల్వు గుండ బయటి గాలి వచ్చి బొగ్గును శుభ్రపరచును.

1996 మొదలు క్రమముగా అమెరికా కార్లలో కంప్యూటరు ఈ మార్గమును తానే పరీక్షించుకొనుచున్నది. వెంట్ వాల్వును మూసి, పర్జ్ వాల్వు ద్వారా టాంకిలో కొంత శూన్యము కల్పించి, అది నిలుచునో లేదో పీడనమాపకముతో గమనించును. మొదట 1 మి.మీ. రంధ్రమును, తరువాతి కార్లలో అర మి.మీ. రంధ్రమును పట్టుకొనవలెనని నియమము. శూన్యము నిలువనిచో దీపము వెలుగును. పి 0455 అనగా పెద్ద లీకు. పి 0442 చిన్నది. పి 0456 మిక్కిలి చిన్నది.

అమెరికాలోనున్న మన పిల్లలు ఫోనులో "ఈ నంబరు వచ్చినది, ఏ భాగము మార్చవలెను?" అని అడుగుదురు. ఆ ప్రశ్నయే సరికాదు. నంబరు జ్వరమును చెప్పును గాని రోగమును చెప్పదు. మూత వదులు కావచ్చును, గొట్టము పగిలియుండవచ్చును, వెంట్ వాల్వు మూసికొనకపోవచ్చును, పర్జ్ వాల్వు తెరచుకొనకపోవచ్చును.

మొదట టాంకి మూతను, దాని రబ్బరు వలయమును చూడవలెను. బిగించినంతనే దీపము ఆరదు. మరల పరీక్ష జరుగుటకు ఇంజను చల్లబడియుండవలెను. టాంకి పూర్తిగా నిండియుండరాదు, ఉత్తదిగాను ఉండరాదు. ఇందుకు కొన్ని దినములు పట్టును. ఆ కొన్ని దినముల ఓర్పు లేకయే జనులు వాల్వులు కొనుచున్నారు.

పెట్రోలు పోయించిన వెంటనే ఇంజను మొరాయించుచున్నచో పర్జ్ వాల్వును అనుమానింపవలెను. దాని విద్యుత్ తీగను ఊడదీసి, ఇంజను నడచుచుండగా కానిస్టర్ వైపు గొట్టమును తొలగించి, వాల్వు మూతిపై వ్రేలు ఉంచవలెను. వ్రేలిని లాగినచో వాల్వు మూసికొనుట లేదన్నమాట. దీనికి కానీ ఖర్చు లేదు.

కంటికి కానరాని రంధ్రమునకు పొగ యంత్రము కావలెను. చదరపు అంగుళమునకు 1 పౌను మించని ఒత్తిడితో పొగను పంపగా అది చిల్లి దగ్గర పైకి లేచును. టైర్లకు గాలి కొట్టు పంపును వాడరాదు, గొట్టములు విడిపోవును. అగ్గిపుల్ల మాట చెప్పనక్కరలేదు.

దారి మూసికొనుట మరియొక రోగము. 2011లో మాజ్డా సంస్థ అమెరికాలో మాజ్డా 6 కార్లను వేల సంఖ్యలో వెనుకకు పిలిపించెను. కారణము సాలీడు! వెంట్ గొట్టములో గూడు కట్టుటచే శూన్యము హెచ్చి టాంకి పగులునను భయము కలిగినది. శ్రీకాళహస్తిలో గూడు కట్టి సాలీడు మోక్షము పొందెను. ఇక్కడ కార్ల యజమానులకు గారేజి దర్శనము లభించినది.

మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న భారత్ స్టేజ్ 6 కార్లలోను ఈ బొగ్గు డబ్బా కలదు. అయితే అమెరికాలో వలె రంధ్రమును పట్టుకొను పరీక్ష విధి కాదు. కావున మన కారులో లీకు ఉన్నను దీపము వెలుగకపోవచ్చును. మూసిన గారేజిలో పెట్రోలు వాసన వచ్చినచో దీపము లేదు గదా యని ఊరకుండుట ప్రమాదము. ఆ ఆవిరిలో బెంజీను కలదు, నిప్పురవ్వకు అది చాలును.

పెట్రోలు బంకులో తుపాకి తనంతట ఆగిన తరువాత, సొమ్ము 2000 రూపాయలకు సరిపెట్టుటకై ఇంకను పోయుట మనవారి అలవాటు. ఆ పోసిన పెట్రోలు ఆవిరిగా గాక ద్రవముగనే డబ్బాలోనికి పోవచ్చును. బొగ్గు తడిసి చెడును. డబ్బా లోపల విరిగినచో బొగ్గు రేణువులు పర్జ్ వాల్వులో చేరి దానిని మూసికొననీయవు. అట్టి కారు మరుసటిసారి ఆ బంకులోనే, వెనుక పది వాహనములు హారను మ్రోగించుచుండగా, మొరాయించి నిలుచును.