ఒక అద్దకం గుడ్డకు ఎన్ని శాస్త్రాలు?

 

మేం చదువుకున్న రోజుల్లో చరిత్ర అంటే ప్రాచీన, మధ్య, ఆధునిక యుగాలు, అంతే. ఇప్పుడు శాసనాలు, నాణేలు, సముద్ర వాణిజ్యం, పర్యావరణం, మౌఖిక చరిత్ర అంటూ ఎవరి శాఖ వారిది. ఇన్ని ముక్కలు చేస్తే చరిత్ర మిగులుతుందా అని పెద్దలు కొందరు విసుక్కుంటున్నారు. నా ఫిర్యాదు వేరు. మన కృష్ణా జిల్లాకు కావలసిన శాఖలే మనకింకా రాలేదు.

పెడన అద్దకం సంగతి చూడండి. గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో నానబెట్టి నలుపు రంగు తీస్తారు. పటిక అద్దిన మేరకే ఎరుపు పట్టుకుంటుంది. ఆ ఎరుపు ఒకప్పుడు చిరివేరు అనే మొక్క వేళ్ల నుంచి వచ్చేది. కరక్కాయ తగిలిన చోట ఇనుము నల్లబడడం ఎందుకో రసాయన శాస్త్రం చెప్పాలి. చిరివేరు సంగతి వృక్షశాస్త్రం చెప్పాలి. గుడ్డ మీద అద్దిన తీగల బొమ్మల్లోని పర్షియా పోకడను కళాచరిత్రకారుడు పట్టుకోవాలి. గుడ్డ ఏ ఓడెక్కిందో, ఎంత ధర పలికిందో చెప్పాల్సింది వాణిజ్య చరిత్ర.

అక్కడే మనం ఆగిపోతున్నాం. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో బందరు రేవుకు వచ్చారు. డచ్చి కంపెనీ దస్తావేజులు హేగ్ నగరంలోని జాతీయ భాండాగారంలో ఉన్నాయి. వాటిని చదవాలంటే డచ్చి భాష ఒక్కటే చాలదు, పదిహేడో శతాబ్దపు గుమాస్తాల చేతిరాత కూడా అలవాటు కావాలి. గోల్కొండ సుల్తానుల కాలం సంగతి తేల్చాలంటే పారశీకం రావాలి. కోరమాండల్ వర్తకం మీద తపన్ రాయ్‌చౌధురి, అరసరత్నం, సంజయ్ సుబ్రహ్మణ్యం డచ్చి కాగితాలు చదివి పుస్తకాలు రాశారు. వారిలో ఈ గడ్డవారు ఒక్కరూ లేరు. మన రేవు లెక్కలు మనం ఇతరుల పుస్తకాల్లో చదువుకుంటున్నాం.

ఘంటసాలదీ ఇదే కథ. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ పేర్కొన్న కంటకస్సైల ఇదేనని పండితులు గుర్తించారు. ఘంటసాల, గుడివాడల బౌద్ధ అవశేషాలపై అలెగ్జాండర్ రీ నివేదిక 1894లో అచ్చయింది. కానీ టాలెమీ వర్తక కేంద్రమన్న ఊరు నేడు సముద్రానికి దూరంగా ఉంది. డెల్టాలోని పాత ఇసుకమేటల వరుసలను బట్టి తీరం ఎటు జరిగిందో లెక్కగట్టే భూస్వరూప శాస్త్రజ్ఞుడు పక్కన లేకపోతే, తవ్విన ఇటుకను చూసి చరిత్రకారుడు చెప్పగలిగింది తక్కువే.

అన్నిటికన్నా తొందరపడాల్సింది మౌఖిక చరిత్ర విషయంలో. 1864 నవంబరు 1 నాటి బందరు ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. దాని గురించి మనకు తెలిసినదంతా దాదాపు దొరల నివేదికల నుంచే. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన అలా కాదు. అందులో బతికి బయటపడ్డవాళ్లు నాగాయలంకలో, కోడూరులో మన మధ్యనే ఉన్నారు. నీళ్లు ఎటునుంచి వచ్చాయో, ఏ చెట్టు పట్టుకుని బతికారో, తర్వాత ఎవరు ఏ గింజలతో సేద్యం మొదలుపెట్టారో వాళ్ల నోటనే వినాలి. వినడానికీ ఒక పద్ధతి ఉంది: చెప్పేవారి అనుమతి తీసుకోవాలి, తేదీ, ఊరు నమోదు చేయాలి, వాళ్ల యాసను మన పుస్తక భాషలోకి దిద్దకూడదు.

శాఖ ఎంత లోతుకైనా పోవచ్చు. అయితే ఊరి ప్రశ్న ఒక్కదానికైనా జవాబు పట్టుకురాని శాఖ బిరుదుకు పనికొస్తుంది గానీ చదువుకు కాదు. కృష్ణా విశ్వవిద్యాలయానికి నా మనవి ఒక్కటే: పాత డచ్చి, పారశీకం చదవడం నేర్పే చిన్న కోర్సు పెట్టండి. కాలేజీల చరిత్ర శాఖలకు రెండో మనవి: ఈ ఏడాదే విద్యార్థులను దివిసీమకు పంపండి. ఉప్పెననాటి పదేళ్ల పిల్లలు ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు. వాళ్ల పెద్దల్లో చాలామంది ఇప్పటికే లేరు. ఆలస్యం చేయకండి.