అమ్మానాన్నలతో రెండు మాటలు



ఆ మధ్య మా తరగతిలో ఒక పిల్లవాడు కన్నడ పాఠం పైకి చదువుతున్నాడు. వాడికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఒక మాటను తెలుగు యాసలో పలికాడు. తరగతంతా గొల్లుమంది. వాడు పుస్తకం మూసి కూర్చున్నాడు. నాలుగు రోజులు నోరు విప్పలేదు. సరిహద్దు పల్లెల్లో ఉంటున్న మీకు ఇది కొత్త సంగతి కాదు. ఐదో రోజున వాణ్ణి కూర్చోబెట్టుకుని నేను ఒక ఆటగాడి కథ చెప్పాను. ఈ రోజు మీకూ అదే చెబుతాను.

ఆయన పేరు రాబెర్టో క్లెమెంటే. ఆడింది బేస్‌బాల్. క్రికెట్ ఎరిగిన మనకు ఇది అర్థం కావడం కష్టం కాదు. బంతి నేలను తాకకుండా నేరుగా వస్తుంది. దాన్ని గుండ్రటి కర్రతో కొట్టి పరుగెత్తాలి. అలా కొట్టి క్షేమంగా మొదటి మూలకు చేరితే దాన్ని హిట్ అంటారు. నాలుగు మూలలూ చుట్టి వస్తే ఒక పరుగు. వంద అవకాశాల్లో ముప్పై హిట్లు కొట్టినవాడు గొప్ప ఆటగాడు.

క్లెమెంటే 1934లో ప్యూర్టోరికో దీవిలో, కరోలీనా అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి చెరకు తోటల్లో మేస్త్రీ. ఆ దీవి 1898లో అమెరికా చేతికి వచ్చింది. 1917లో అక్కడివారికి అమెరికా పౌరసత్వం కూడా వచ్చింది. కానీ వాళ్ల ఇంటి భాష స్పానిష్. అంటే క్లెమెంటే చట్టం ప్రకారం అమెరికావాడే, మాట ప్రకారం పరాయివాడు. ఈ పరిస్థితి ఎలా ఉంటుందో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు కదా!

1955లో ఆయన పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టులో చేరాడు. అప్పటికి ఇరవై ఏళ్లు. ఒంటి రంగు నలుపు, నోట ఇంగ్లీషు అంతంతమాత్రం. శిక్షణకు ఫ్లోరిడా వెళితే, దారిలో తెల్ల ఆటగాళ్లు హోటల్లో భోంచేసేవారు, నల్ల ఆటగాళ్లు బస్సులోనే కూర్చునేవారు. క్లెమెంటే దీనిని సహించలేదు. తమకు వేరే వాహనం కావాలని యాజమాన్యం దగ్గర పట్టుబట్టి సాధించాడు.

పత్రికలవారు ఇంకో తీరు. ఆయన ఇంగ్లీషును ఎలా పలికితే అలాగే, అక్షరాలు వంకర చేసి అచ్చువేసేవారు. చదివినవారు నవ్వుకునేవారు. వెన్నునొప్పి అంటే సాకు అన్నారు. ఒక తాగుబోతు నడిపిన కారు గుద్దడంతో వచ్చిన నొప్పి అది. పేరు పలకడం ఎందుకులే అని ‘బాబ్’ అన్నారు. ఆటగాళ్ల బొమ్మల కార్డుల మీద కూడా ఏళ్ల తరబడి బాబ్ అనే అచ్చయింది. ఆయన మాత్రం నా పేరు రాబెర్టో అనే చెబుతూ వచ్చాడు.

జవాబు మైదానంలో కూడా చెప్పాడు. నాలుగుసార్లు తన లీగులో బ్యాటింగ్ సగటులో మొదటి స్థానం. ఫీల్డింగుకు ఇచ్చే గోల్డ్ గ్లోవ్ బహుమతి 1961 నుంచి 1972 వరకు వరుసగా పన్నెండుసార్లు. పద్దెనిమిదేళ్లూ ఒకే జట్టు.

ఇక అసలు ఘట్టానికి వస్తాను. 1971 అక్టోబరు 17. వరల్డ్ సిరీస్ చివరి ఆట. మొదటి రెండు ఆటలూ ఓడిన పిట్స్‌బర్గ్, బాల్టిమోర్ మీద చివరికి గెలిచింది. సిరీస్ మొత్తానికి ఉత్తమ ఆటగాడు క్లెమెంటే. టెలివిజన్‌వారు మైకు పట్టుకుని ముందుకు వచ్చారు. అమెరికా దేశమంతా చూస్తున్నది. ఆయన ఏంచేశాడు? ముందు మా అమ్మానాన్నలతో స్పానిష్‌లో రెండు మాటలు చెప్పుకుంటానని అనుమతి అడిగాడు. తన బిడ్డలకు దీవెనలు పలికి, తల్లిదండ్రుల ఆశీస్సులు కోరాడు. ఇంగ్లీషు ఆ తరువాతే!

మరుసటి ఏడాది సెప్టెంబరు 30న మూడువేలవ హిట్ కొట్టాడు. అంతకుముందు ఆ అంకెను చేరినవారు పదిమందే. మామూలు సీజన్ ఆటల్లో అదే ఆయన ఆఖరి హిట్ కూడా అయింది. డిసెంబరు 23న నికరాగువా రాజధాని మనాగువాను భూకంపం నేలమట్టం చేసింది. క్లెమెంటే ఊరూరా సహాయం సేకరించి పంపాడు. పంపిన సరుకు బాధితులకు అందడం లేదని తెలిసి, నేనే వెళతానని డిసెంబరు 31 రాత్రి విమానం ఎక్కాడు. బరువు మించిన ఆ పాత విమానం లేచిన కొద్దిసేపటికే సముద్రంలో కూలింది. జట్టులోని మిత్రుడు మానీ సాంగియెన్ నీళ్లలో దూకి వెతికాడు. దేహం దొరకలేదు. ఆయన వయసు ముప్పై ఎనిమిది.

గొప్ప ఆటగాళ్ల మందిరంలో చేర్చడానికి ఐదేళ్లు ఆగాలన్న నియమాన్ని ఆయన కోసం సడలించి, 1973లోనే స్థానం ఇచ్చారు. సేవ చేసే ఆటగాడికి ఏటా ఆయన పేరనే బహుమతి ఇస్తున్నారు. బాబ్ పేర కాదు, రాబెర్టో పేర!

కథ విని మా పిల్లవాడు ఒక్కటే అడిగాడు: ‘‘సార్, మరి ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చిందా?’’

‘‘వచ్చిందిరా. యాస మాత్రం పోలేదు’’ అన్నాను.

మరునాడు వాడే చెయ్యెత్తి, లేచి, ఆగిపోయిన చోటునుంచి కన్నడ పాఠం చదివాడు. మళ్లీ యాస దొర్లింది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాడు ఈసారి పుస్తకం మూయలేదు.

మీ ఇంట్లోనూ అలాంటి బిడ్డ ఉండవచ్చు. ఇరుగుపొరుగు భాషను బాగా నేర్పించండి. నేను బతికేది ఆ పని మీదనే. కానీ ఆ బిడ్డ బహుమతి గెలిచి వచ్చిన రోజున, మీతో మొదటి మాట ఏ భాషలో చెబుతాడో అది ఈ రోజు మీరు వాడితో మాట్లాడే మాటను బట్టి ఉంటుంది.

సెలవు.